ఉపగ్రహ డేటాతో కలరా, అతిసారం ముప్పు అంచనా: ఏ డేటా తీసుకోవాలి, ఎక్కడ తప్పుతుంది?

#1 తీరరేఖ

నదీముఖద్వారం, దాని ఎగువ మెట్ట ప్రాంతం కలిపి సుమారు 200 పాలనా విభాగాలకు వారం వారం అతిసారం ముప్పు పటం తయారు చెయ్యాలి. నాలుగు వారాల ముందే హెచ్చరిక కావాలని అడుగుతున్నారు. చేతిలో ఉన్నవి ఆసుపత్రుల వారపు కేసుల లెక్కలు, విభాగాల సరిహద్దులు, జనాభా. మిగతాదంతా ఉచితంగా దొరికే ఉపగ్రహ డేటాతోనే నడవాలి.

వాన, నేల ఉష్ణోగ్రత, సముద్రపు క్లోరోఫిల్, వరద విస్తీర్ణం, నేల తేమ అన్నీ ఒకే పట్టికలో పోసి నమూనాకు ఇచ్చేద్దామన్నది ఇప్పటి ఆలోచన. ఇందులో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు? నాలుగు వారాల గడువు నిజంగా సాధ్యమేనా? ఈ పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

#2 విబ్రియో_వేట

అన్నీ ఒకే పట్టికలో పొయ్యకండి. ఉపగ్రహానికి సూక్ష్మజీవి కనపడదు. అది బతికే పరిస్థితులు, అది మనిషి నోటిదాకా వచ్చే దారులు మాత్రమే కనపడతాయి. ఆ దారి ఏదో ముందే రాసుకోకపోతే నమూనా యాదృచ్ఛికంగా కలిసొచ్చిన సంబంధాలన్నిటినీ పట్టుకుంటుంది.

కలరాకు రెండు దారులు. మొదటిది తీరప్రాంతాల్లో ఏటా వచ్చేది. కలరా తెచ్చే బ్యాక్టీరియా విబ్రియో కలరే ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట సహజంగానే ఉంటుంది. కోపెపాడ్ అనే సన్నటి నీటి జీవులకు అతుక్కుని బతుకుతుంది. సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం దశాబ్దాల పరిశోధనలో తేల్చింది ఇదే. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో పాత చీర గుడ్డను కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడకట్టిస్తే కలరా 48 శాతం తగ్గిందని 2003లో అచ్చయిన అధ్యయనం చూపింది. ఆ గుడ్డ బ్యాక్టీరియాను ఆపలేదు, అది అతుక్కున్న కోపెపాడ్లను ఆపింది. కోపెపాడ్లకు తిండి వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సన్నటి మొక్కలు. వాటి పచ్చదనం, అంటే క్లోరోఫిల్, అంతరిక్షం నుంచి కనపడుతుంది. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, సముద్ర మట్టం ఎత్తు బంగ్లాదేశ్ కలరా కేసులతో పాటు కదులుతున్నాయని 2000లో మొదట చూపించిన పనికి మూలం ఈ గొలుసే.

రెండోది లోపలి ప్రాంతాల్లో విరుచుకుపడేది. కొన్ని వారాలు మామూలుకంటే ఎక్కువ వేడి, దాని వెనకే మామూలుకంటే ఎక్కువ వాన, అప్పటికే దెబ్బతిన్న నీటి సరఫరా, మరుగు వ్యవస్థ. ఈ మూడూ కలిస్తే ముప్పు. ఇక్కడ క్లోరోఫిల్‌తో పనే లేదు.

బెంగాల్ డెల్టాలో ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. అక్కడ ఏడాదికి రెండు ఉధృతులు. వసంతంలో నదిలో నీళ్లు తగ్గి, ఉప్పునీరు ఎగదన్ని, తీరం దగ్గర మొదలవుతుంది. వానాకాలం తర్వాత వరదనీటితో లోపలి ప్రాంతాల్లో మరోసారి. ఒకే జబ్బు, ఒకే డెల్టా, నది విషయంలో మాత్రం సంకేతం తలకిందులు: ఒకచోట నీళ్లు తక్కువైతే ముప్పు, మరోచోట ఎక్కువైతే ముప్పు. రెంటినీ ఒకే నమూనాలో వేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని నది ప్రవాహానికి ప్రాధాన్యమే లేదని తేలుతుంది. కాబట్టి మీ 200 విభాగాలను తీరం, లోపలి ప్రాంతం అని విడదీసి రెండు నమూనాలు కట్టండి.

ఉపగ్రహం అసలు చెప్పలేనిదీ ఒకటుంది. 2010లో హైతీకి కలరా బయటినుంచి వచ్చింది. ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం మురుగు అర్తిబోనిత్ నదికి చేరే ఉపనదిలో కలిసింది. సూక్ష్మజీవి కొత్తగా అడుగుపెట్టే రోజును ఏ సెన్సరూ చూపదు. అది వచ్చాక ఎక్కడ పాకే వీలుందో మాత్రమే పటం చెబుతుంది.

#3 వానకొలత

వాన డేటా సంగతి నేను చెబుతాను, ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే.

జీపీఎం ఐమెర్గ్ అనే నాసా ఉపగ్రహ వాన డేటా తీసుకోండి. 0.1 డిగ్రీ గడి, అంటే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 11 కి.మీ.; ప్రతి అరగంటకు ఒక విలువ. ఇది మూడు విడతల్లో వస్తుంది. ఎర్లీ రన్ సుమారు 4 గంటల్లో, లేట్ రన్ సగం రోజు దాటాక, ఫైనల్ రన్ మూడు నెలల పైచిలుకు తర్వాత. ఫైనల్‌లో మాత్రమే నేలమీది వానమాపకాలతో నెలవారీ సవరణ జరుగుతుంది.

సాధారణంగా జరిగేది ఇది: శిక్షణకు ఫైనల్ రన్ వాడతారు, ఎందుకంటే అది శుభ్రంగా ఉంటుంది. అమలు రోజున ఫైనల్ ఉండదు, ఎర్లీ పెడతారు. రెంటి సగటు వేరు, అరుదైన భారీ వానల అంచనా వేరు. ఉదాహరణకు, నమూనా నేర్చుకున్న 80 మి.మీ. గీత అమలులో మరో అర్థంలో ఉంటుంది. కొండ ప్రాంతాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. సోమవారం పొద్దున హెచ్చరిక ఇవ్వాలంటే ఆ పొద్దుటికి ఏది దొరుకుతుందో దానితోనే పదేళ్ల శిక్షణ జరగాలి. వెర్షన్ 06, వెర్షన్ 07 ఫైళ్లను ఒకే వరసలో కలపడం కూడా ఇలాంటిదే.

ప్రమాణం చూసుకోండి. అరగంట ఫైలులో విలువ గంటకు మి.మీ. రూపంలో ఉంటుంది. 48 విలువలు కూడి వదిలేస్తే రోజు వాన రెట్టింపు వస్తుంది, మొత్తాన్ని 0.5తో గుణించాలి. ఏ హెచ్చరికా రాకుండా నడిచిపోయే పొరపాటిది, అందుకే ఒక వానాకాలం నెల తీసుకుని దగ్గరలోని వానమాపకంతో పోల్చి చూడండి.

మొత్తం వానను నేరుగా నమూనాకు ఇవ్వకండి. ప్రతి విభాగానికి, ఏడాదిలోని ప్రతి వారానికి గత 20 ఏళ్ల పంపిణీ కట్టి, ఈ వారం ఎన్నో శాతస్థానంలో ఉందో ఇవ్వండి. దాంతోపాటు మూడు అంకెలు: గత 7 రోజుల్లో ఒక్కరోజు గరిష్ఠ వాన, గత 28 రోజుల మొత్తం, దానికి ముందు 8 వారాల్లో 1 మి.మీ. కూడా పడని రోజుల సంఖ్య. మూడోది చాలామంది వదిలేస్తారు. ఈక్వడార్ ఉత్తర తీరంలో జరిగి 2014లో అచ్చయిన అధ్యయనంలో ఎండాకాలపు ఎద్దడి తర్వాత పడిన భారీ వాన అతిసారాన్ని పెంచింది, అప్పటికే తడిసి ఉన్న నేలమీద పడిన భారీ వాన తగ్గించింది. మొదటిది పేరుకున్న మలినాన్ని కడిగి నీటిలోకి తెస్తుంది, రెండోది ఉన్నదాన్ని పలచన చేస్తుంది. వాన ఒక్కటే ఇస్తే ఈ రెండూ కలిసిపోయి సగటు సున్నా దగ్గర తేలుతుంది.

చిర్ప్స్ అనే మరో వాన డేటా 0.05 డిగ్రీల గడితో 1981 నుంచి ఉంది. దీర్ఘకాల సగటుకు బాగుంటుంది. ఒకే ఒక్క రోజు కుంభవృష్టికి దాన్ని నమ్ముకోకండి.

#4 తీరరేఖ

వానకొలత గారూ, పాత ఎర్లీ రన్ ఫైళ్లు అప్పట్లో ఎలా వచ్చాయో అలాగే దొరుకుతాయా? ఉష్ణోగ్రతకు మోడిస్ (నాసా టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీది సెన్సరు) ఇచ్చే ఉపరితల ఉష్ణోగ్రత చాలా?

#5 వానకొలత

ఎర్లీ రన్‌ను కొత్త వెర్షన్‌తో వెనక్కి మళ్లీ లెక్కించి పెడతారు, కాబట్టి వరస దొరుకుతుంది. ఆనాడు నిజంగా చేరిన ఫైలుకు అది అచ్చమైన నకలు కాదు, అయినా ఫైనల్ కంటే వందపాళ్లు నయం. ఇవాళ్టి నుంచి మాత్రం దింపుకున్న ప్రతి ఫైలునూ దింపిన తేదీ, గంట పేరులో పెట్టి దాచండి, దానిమీద కొత్తది రాయొద్దు.

మోడిస్ ఉపరితల ఉష్ణోగ్రతతో రెండు చిక్కులు. మబ్బుంటే విలువ రాదు. అంటే వానాకాలంలో నిర్మలంగా ఉన్న రోజులే లెక్కకొచ్చి వారం సగటు అసలు కంటే వేడిగా కనపడుతుంది. రెండు, అది నేల చర్మపు వేడి; గాలిదీ కాదు, నీటిదీ కాదు. పైగా టెర్రా 2020 తర్వాత, ఆక్వా ఆ తర్వాత తమ పాత సమయం నుంచి జరుగుతున్నాయి. టెర్రా పొద్దున 10:30 కంటే ముందే దాటుతోంది. పొద్దున పావుగంట తేడా నేల ఉష్ణోగ్రతలో కనపడుతుంది, నమూనా దాన్ని వాతావరణ మార్పుగా చదువుతుంది. ఈఆర్‌ఏ5-లాండ్ అనే, వాతావరణ నమూనాతో లెక్కించిన డేటాలోని 2 మీటర్ల ఎత్తు గాలి ఉష్ణోగ్రత తీసుకోండి. గంట గంటకూ ఉంటుంది, మబ్బు ఖాళీలు ఉండవు, సుమారు 5 రోజులు ఆలస్యం. ఆ ఆలస్యాన్ని శిక్షణలోనూ పాటించాలి: సోమవారం హెచ్చరికకు ముందటి బుధవారం దాకా ఉన్న ఉష్ణోగ్రతే వాడాలి. విలువలు కెల్విన్‌లో ఉంటాయి.

#6 నీలికాంతి

తీరం వైపు క్లోరోఫిల్ గురించి.

సముద్రపు రంగు డేటా 1997లో సీవిఫ్స్ అనే సెన్సరుతో స్థిరంగా మొదలై మోడిస్, విర్స్, సెంటినెల్-3 మీది ఓఎల్‌సీఐ దాకా నడిచింది. మన వైపు ఓషన్‌శాట్ వరస ఉంది, 2022 నవంబరులో వెళ్లిన ఈఓఎస్-06 దాన్ని కొనసాగిస్తోంది. 2024 ఫిబ్రవరిలో నాసా పేస్ ఉపగ్రహం వచ్చింది. ఒక సెన్సరు విలువను మరోదాని విలువ పక్కన నేరుగా పెట్టకండి. కలిపి సరిచేసిన యూరప్ అంతరిక్ష సంస్థ వాతావరణ మార్పు వరసలు దీర్ఘకాల సగటుకు ఉన్నాయి.

నది కలిసే చోట లోతు సముద్రపు సూత్రం బోల్తా పడుతుంది. మామూలు సూత్రం నీలి కాంతికీ ఆకుపచ్చ కాంతికీ నిష్పత్తి చూస్తుంది. నది తెచ్చే కుళ్లిన ఆకు రసం నీలిని పీల్చేస్తుంది, ఒండ్రు కాంతిని వెదజల్లుతుంది. రెండూ కలిసి లేని క్లోరోఫిల్‌ను ఉన్నట్టు చూపిస్తాయి. వరదొచ్చిన వారం క్లోరోఫిల్ ఒక్కసారిగా ఎగిసిందంటే అది చాలావరకు బురదే. ఇలాంటి నీళ్లకు ఓఎల్‌సీఐ 300 మీటర్ల డేటా తీసుకుని 665, 681, 709 నానోమీటర్ల పట్టీలను ఆధారం చేసుకునే పద్ధతులు వాడండి.

వరస ఇలా పెట్టుకోండి. ఒడ్డునుంచి రెండు మూడు పిక్సెళ్లు తీసెయ్యండి, నేల వెలుతురు వాటిలోకి చిమ్ముతుంది. నాణ్యత గుర్తుల్లో మబ్బు, మబ్బు అంచు, సూర్యుడి తళుకు ఉన్నవి తీసెయ్యండి. 8 రోజుల కూర్పు చెయ్యండి. ప్రాంతంలో అయిదో వంతు పిక్సెళ్లు కూడా మిగలకపోతే ఆ కూర్పును ఖాళీగా వదలండి, పక్క వారంతో పూడ్చకండి. విలువలకు సంవర్గమానం తీసుకున్నాకే సగటు కట్టండి, లేకపోతే రెండు ముదురు పిక్సెళ్లు మొత్తాన్ని లాగేస్తాయి. ఆ తర్వాత ఋతు సగటు నుంచి తేడా.

క్లోరోఫిల్ పెరిగిన వెంటనే కేసులు పెరగవు. ముందు వృక్షప్లవకం, దాన్ని తినే జంతుప్లవకం, ఆపైన బ్యాక్టీరియా. మధ్యలో వారాల నుంచి నెలల దాకా జాగు ఉంటుంది, అది చోటును బట్టి మారుతుంది. మీ తీరానికి 0 నుంచి 12 వారాల జాగులన్నీ పరీక్షించి, ఋతువును తీసేసిన తర్వాత కూడా నిలబడినదాన్నే ఉంచండి. ఋతువు తియ్యకుండా చూస్తే ఏ రెండు వరసలైనా ఏదో ఒక జాగు దగ్గర అందంగా కలుస్తాయి.

ఉపగ్రహం ఇచ్చే లవణీయత మీద ఆశ పెట్టుకోవద్దు. స్మాప్ ఉపగ్రహం ఒక్కో కొలత పరిధి సుమారు 40 కి.మీ. ఒడ్డు దగ్గర నేల కలిసిపోతుంది, పాయల్లో అసలు పనికిరాదు. పాయకు మూడు చోట్ల చేతి మీటరుతో వారానికోసారి కొలిస్తే దానికంటే ఎన్నో రెట్లు మేలు.

#7 రాడార్_చూపు

వరద విస్తీర్ణానికి సెంటినెల్-1 ఉపగ్రహాల రాడార్. మబ్బును దాటి చూస్తుంది కాబట్టి వానాకాలంలో వేరే దారి లేదు. సెంటినెల్-2 చిత్రాలు నీరు తీశాక, ఆకాశం తేరుకున్నాక సరిచూసుకోవడానికి. అందులో బీ3, బీ11 పట్టీల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే నీటి సూచిక వస్తుంది. బీ11 20 మీటర్లది కాబట్టి ముందు బీ3ని ఆ గడికి మార్చుకోండి.

రాడార్ పని ఇలా నడుస్తుంది. వరద రోజు చిత్రానికి జోడీగా ఎండు రోజుల చిత్రాలు తీసుకోండి; ఒకే సాపేక్ష కక్ష్య సంఖ్య, ఒకే దిశ ఉండాలి. ఆరోహణ (ఉత్తరానికి వెళ్తూ తీసిన) చిత్రాన్ని అవరోహణ (దక్షిణానికి వెళ్తూ తీసిన) చిత్రంతో పోలిస్తే కోణం తేడాయే వరదలా కనపడుతుంది. చుక్కల గోల తగ్గించే వడపోత, ఎత్తుపల్లాల సవరణ, డెసిబెల్‌లోకి మార్పు. నిశ్చలంగా ఉన్న నీరు వీవీలో (నిలువు ధ్రువణంతో పంపి, నిలువు ధ్రువణంలోనే అందుకున్న సంకేతంలో) సాధారణంగా −15 నుంచి −18 డెసిబెళ్ల కింద పడుతుంది, కానీ గీతను చేత్తో గియ్యకండి. చిత్రాన్ని ముక్కలు చేసి, నీరూ నేలా రెండూ తగుపాళ్లలో ఉన్న ముక్కలమీద మాత్రమే ఓత్సు పద్ధతి (నీటినీ నేలనూ విడదీసే గీతను దానంతటదే వెతికేది) నడపండి. మొత్తం చిత్రమ్మీద నడిపితే నీరు 5 శాతమే ఉన్నప్పుడు గీత ఎక్కడో నేల మధ్యలో పడుతుంది. ఆ తర్వాత శాశ్వత జలాలను తీసెయ్యాలి; 1984 నుంచి ల్యాండ్‌శాట్‌తో కట్టిన జేఆర్‌సీ నీటి పటం దీనికుంది. దగ్గరి కాలువ మట్టం కంటే 15–20 మీటర్లకు పైన ఉన్న పిక్సెళ్లు కొండ నీడలు, వాటినీ తీసెయ్యండి.

తప్పులు ఎక్కడంటే: ఈదురుగాలికి అలలు లేచిన నీరు తెల్లగా కనపడి నేలలో కలిసిపోతుంది. చెట్ల కింద, ఇళ్ల మధ్య నిలిచిన నీరు రెండుసార్లు ప్రతిఫలించి నీరు లేనప్పటికంటే ఎక్కువ మెరుస్తుంది. మనుషులున్న చోటే మనకు కనపడదన్నమాట. ఎండు ఇసుక నీరులాగే నల్లగా ఉంటుంది. వరినాట్ల కోసం నీరు పెట్టిన మడి వరదే అన్నట్టు ఉంటుంది, కాబట్టి నాట్ల కాలంలో గత ఏళ్ల అదే వారాలతో పోల్చాలి, ఎండాకాలంతో కాదు.

ఇక తిరిగొచ్చే గడువు. సెంటినెల్-1బీ 2021 డిసెంబరులో ఆగిపోయాక చాలాచోట్ల 12 రోజులకు ఒక్క చిత్రమే వచ్చింది. 1సీ 2024 డిసెంబరులో వెళ్లింది. కాబట్టి మీ వరసలో 'వరద లేదు', 'చిత్రం లేదు' రెండూ వేర్వేరు విలువలుగా ఉండాలి. రెండు రోజులు నిలిచి తీసిన వరద పట్టికలో సున్నాగా కూర్చుంటే నమూనా తప్పుడు పాఠం నేర్చుకుంటుంది.

నేల తేమకు స్మాప్ 9 కి.మీ. ఉత్పత్తి చాలు. గ్రేస్ ఉపగ్రహాలు చూపే మొత్తం నీటి నిల్వ వందల కి.మీ. పరిధిది, డెల్టా మొత్తానికి ఒక అంకెగా వాడొచ్చు, విభాగాల మధ్య తేడాకు కాదు.

#8 వారాల_పట్టిక

అందరూ పట్టికలో ఎడమ వైపు, అంటే నమూనాకు ఇచ్చే డేటా గురించే చెబుతున్నారు. కుడి వైపున్న కేసుల లెక్క బాగోకపోతే పైదంతా వృథా.

మొదటి ప్రశ్న: వారపు లెక్క దేని తేదీ? జబ్బు మొదలైన తేదీనా, ఆసుపత్రికి వచ్చిన తేదీనా, నివేదిక పంపిన తేదీనా? నివేదిక తేదీ అయితే సెలవుల వారం పల్లం, తర్వాతి వారం గుట్ట కనపడతాయి. నమూనా దాన్ని వానతో ముడిపెడుతుంది. వీలైతే జబ్బు మొదలైన తేదీకి మార్చండి, లేకపోతే రెండు వారాలు కలిపిన మొత్తాన్ని లక్ష్యంగా పెట్టండి.

రెండు: సున్నాకూ ఖాళీకీ తేడా. నివేదిక పంపని కేంద్రం సున్నా కేసులు పంపినట్టు కాదు. ప్రతి వారం ఎన్ని కేంద్రాలు పంపాలి, ఎన్ని పంపాయి అన్న నిష్పత్తిని పక్కన పెట్టుకోండి. 70–80 శాతం కంటే తగ్గిన వారాలను శిక్షణ నుంచి తీసెయ్యండి. భారీ వరదలో రోడ్లు తెగి నివేదికలే ఆగిపోతాయి. ముప్పు ఎక్కువున్న వారాలే తక్కువగా కనపడే చోటు ఇదే, దీన్ని వదిలేస్తే నమూనా వరద మంచిదని నేర్చుకుంటుంది.

మూడు: 'అతిసారం' ఒక జబ్బు కాదు. పసిపిల్లల్లో రోటావైరస్ చాలా చోట్ల చల్లటి పొడి నెలల్లో పెరుగుతుంది. అయిదేళ్ల లోపు పిల్లల్నీ పెద్దల్నీ కలిపి లెక్కిస్తే ఆ ఋతువు కలరా ఋతువును చెరిపేస్తుంది. కలరా అనుమానానికి కనీసం రెండేళ్లు నిండినవాళ్లలో తీవ్ర నిర్జలీకరణతో కూడిన నీళ్ల విరేచనాలను వేరుగా లెక్కించండి.

జబ్బు జబ్బుకూ జాగు వేరు. కలరా సూక్ష్మజీవి లోపలికి వెళ్లాక 12 గంటల నుంచి 5 రోజుల్లో బయటపడుతుంది. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు. హెపటైటిస్-ఏకి 2 నుంచి 7 వారాలు, హెపటైటిస్-ఈకి 2 నుంచి 10 వారాలు. వరదనీటిలో నడిచినవాళ్లకు వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు తరచుగా 5 నుంచి 14 రోజులు. ఈనాటి వరద చిత్రంతో వచ్చే వారం కలరానూ వచ్చే నెల కామెర్లనూ ఒకే పటంలో చూపలేం.

#9 తీరరేఖ

చాలా ఉపయోగం. కేసుల వయసు విభజన ఉంది, వాడతాను. ఇంకో సందేహం. రాండమ్ ఫారెస్ట్‌తో (ఎన్నో నిర్ణయ వృక్షాల ఓట్లతో జవాబు తేల్చే పద్ధతి) కట్టిన ముందటి ముసాయిదాలో ఖచ్చితత్వం 98 శాతం చూపిస్తోంది. దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

#10 లెక్కలపంతులు

ఆ అంకెను పక్కన పెట్టండి. మీ 200 విభాగాలు, 52 వారాలు: 10,400 గడులు. ఉదాహరణకు అందులో ఒక శాతం, 104 గడుల్లో ఉధృతి ఉందనుకుందాం. 'ఎప్పుడూ ఏమీ రాదు' అని చెప్పే నమూనాకు ఖచ్చితత్వం 99 శాతం. ఒక్క మనిషికీ పనికిరాదు.

ఇంకో లెక్క. 80 శాతం ఉధృతులు పట్టుకుని, ప్రశాంతంగా ఉన్న గడుల్లో 5 శాతానికి మాత్రమే పొరపాటు హెచ్చరిక ఇచ్చే నమూనా మంచిదే అనిపిస్తుంది. 104లో 83 పట్టుకుంటుంది. మిగతా 10,296లో 5 శాతం అంటే 515 ఉత్తుత్తి హెచ్చరికలు. మొత్తం 598 హెచ్చరికల్లో 83 నిజం, 14 శాతం. ఏడింట ఒకటి. ఇది చెడ్డదో మంచిదో హెచ్చరిక వచ్చాక ఏం చేస్తారన్నదాని మీద ఉంటుంది. ముందుగా ఈ రెండు అంకెలు చెప్పండి: ఎన్ని పట్టింది, ఇచ్చినవాటిలో ఎన్ని నిజం.

2010–2018 మధ్య భారత తీర జిల్లాల కలరా మీద రాండమ్ ఫారెస్ట్‌తో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఖచ్చితత్వం 0.99, ఉధృతులను పట్టిన శాతం 89.5. రెండూ నిజమే, కానీ ఆరోగ్య సిబ్బందికి కావలసింది రెండోది.

పరీక్ష ఎలా చెయ్యాలంటే: గడులను కలగాపులగంగా విడదీసి 80, 20 అనొద్దు. పక్క పక్క విభాగాలు ఒకే వానలో తడుస్తాయి, ఈ వారం కేసులు పోయిన వారం కేసులకు చుట్టాలే. అలా విడదీస్తే జవాబు ప్రశ్నలోనే దొరుకుతుంది. కాలం ప్రకారం ముందుకు నడవండి: మొదటి ఏళ్లతో శిక్షణ, తర్వాతి ఏడాది పరీక్ష, ఆ ఏడాదినీ కలుపుకుని తర్వాతిది. దాంతోపాటు విభాగాలను పెద్ద ముద్దలుగా చేసి ఒక ముద్దను పూర్తిగా బయట పెట్టి పరీక్షించండి. శాతస్థానాల పంపిణీ, ఖాళీలు పూడ్చే పద్ధతి, లక్షణాల ఎంపిక అన్నీ శిక్షణ భాగం లోపలే జరగాలి.

ఓడించాల్సిన ప్రత్యర్థి కూడా ఉండాలి. ఒకటి: అదే విభాగం, అదే వారం, గత ఏళ్ల సగటు. రెండు: గత రెండు వారాల కేసుల్ని అలాగే ముందుకు జరపడం. మీ ఉపగ్రహ నమూనా ఈ రెంటినీ ఓడించకపోతే పటం అందంగా ఉన్నా దాన్ని బయటికి పంపొద్దు. ఒకటి రెండు వారాల గడువులో రెండో ప్రత్యర్థి చాలా గట్టిది. ఉపగ్రహ డేటా విలువ తేలేది మూడు నాలుగు వారాల దగ్గరే.

#11 విబ్రియో_వేట

ఆ నాలుగు వారాల గురించే. గడువు ఉపగ్రహం నుంచి రాదు. అది జరిగిపోయిన వాననే చూపిస్తుంది. గడువు జీవశాస్త్రంలోని జాగు నుంచి వస్తుంది. లోపలి ప్రాంతంలో వాన నుంచి కేసుల దాకా ఉన్న ఎడం రెండు మూడు వారాలే అయితే, నాలుగో వారం ముందు మన చేతిలో ఉన్నది వాన కాదు, దానికి ముందటి వేడి మాత్రమే. మిగతా లోటును వాన సూచన పూడ్చాలి.

యెమెన్‌లో అలాగే చేశారు. 2016 అక్టోబరులో మొదలైన కలరా 2017 ఏప్రిల్ తర్వాత భయంకరంగా పెరిగి, ఆ ఏడాది చివరికి అనుమానిత కేసులు పది లక్షలు దాటాయి. కోల్వెల్, అంతర్ జుట్లా బృందం ఉష్ణోగ్రత, వాన, జనసాంద్రత, నీటి వసతులతో కట్టిన నమూనా 2017కు ఉధృతి ప్రాంతాలను 92 శాతం సరిగా చూపిందని నాసా ప్రకటించింది. 2018లో బ్రిటన్ వాతావరణ సంస్థ వాన సూచనలు జోడించి, నాలుగు వారాల ముందు ముప్పున్న ప్రాంతాల పేర్లు యునిసెఫ్‌కు చేరాయి. పంతులుగారి లెక్కతో చదివితే ఆ 92 'ఎక్కడ' అన్నదానికి. 'ఎప్పుడు, ఎన్ని' అన్నవి వేరే ప్రశ్నలు. 2018లో కేసులు బాగా తగ్గాయి, కానీ అప్పటికే జబ్బు సోకి తేరుకున్నవాళ్ల రోగనిరోధకత, టీకాలు, శుభ్రత పనులు అన్నీ కలిసి ఉన్నాయి. ఆ తగ్గుదలను నమూనా ఒక్కదాని ఖాతాలో రాయలేం.

మీరు రెండు దశల పటం ఇవ్వండి. నాలుగు వారాల ముందు 'పరిస్థితులు అనుకూలిస్తున్నాయి' అని విశాలమైన ప్రాంతానికి. రెండు వారాల ముందు, నిజంగా వాన పడ్డాక, కచ్చితమైన విభాగాలకు.

#12 క్లోరిన్_పరీక్ష

పటం చేరాక చేసే పనిని ముందే కాగితమ్మీద పెట్టకపోతే రంగులు చూసి ఊరుకుంటారు. రెండు దశలకూ వేర్వేరు పనులు ఉండాలి.

నాలుగు వారాల హెచ్చరికకు: ఓఆర్‌ఎస్, సెలైన్, మల పరీక్ష సామగ్రి, బ్లీచింగ్ పౌడరు నిల్వలు లెక్కపెట్టి దగ్గరికి చేర్చడం. హెచ్చరిక తప్పినా ఇవేవీ పాడవవు. బ్లీచింగ్ పౌడరు ఒక్కటి జాగ్రత్త: కొత్తదానిలో క్లోరిన్ 33 శాతం ఉన్నా, వేడి, తేమ తగిలి నిల్వలో తగ్గిపోతుంది. నోటి ద్వారా ఇచ్చే కలరా టీకా ఉంటే ఈ దశలోనే నిర్ణయించాలి, వేశాక రక్షణ ఏర్పడటానికి సుమారు వారం పడుతుంది.

రెండు వారాల హెచ్చరికకు: ఆ విభాగంలో నీళ్ల ట్యాంకులు, బావుల క్లోరినేషన్, పైపు కారుతున్న చోట్ల మరమ్మతు, కుళాయి దగ్గర రోజూ కొలత. మోతాదు ఊహించకండి. లీటరు నీటికి 33 శాతం పౌడరు 30 గ్రాములు కలిపి, తేరనిస్తే సుమారు ఒక శాతం ద్రావణం. నాలుగు బక్కెట్లలో 20 లీటర్ల చొప్పున అదే నీళ్లు తీసుకుని 1, 1.5, 2, 5 మి.లీ. ద్రావణం వెయ్యండి. కలిపి 30 నిమిషాలు ఆగి, మిగిలిన స్వేచ్ఛా క్లోరిన్ కొలవండి. లీటరుకు 0.5 మి.గ్రా. దగ్గర నిలిచిన బక్కెట్టు మోతాదే ట్యాంకుకూ. 2 మి.లీ. బక్కెట్టు సరిపోతే 10,000 లీటర్ల ట్యాంకుకు ఒక లీటరు ద్రావణం.

నీరు మురికిగా ఉంటే, మురికి కొలత 5 ఎన్‌టీయూ దాటితే, ముందు తేర్చాలి లేదా వడకట్టాలి. లేకపోతే వేసిన క్లోరిన్‌ను బురదే తినేస్తుంది. వరద తర్వాత ఉపగ్రహంలో ఒండ్రు ఎక్కువ కనపడిన నది నుంచి నీళ్లు తోడే పథకాలకు ఇది ముందే చెప్పొచ్చు. మీ పటంలో అలాంటి నీటి తీత కేంద్రాలను వేరే గుర్తుతో పెట్టండి.

#13 వారాల_పట్టిక

పై పోస్టుకు జోడింపు. ఎక్కడ ఏ వారం ఏ పని జరిగిందో కేసుల పట్టికలోనే ఒక నిలువు వరసగా రాయండి. హెచ్చరిక ఇచ్చారు, క్లోరినేషన్ జరిగింది, ఉధృతి రాలేదు. పని రాయకపోతే వచ్చే ఏడాది అది నమూనా లెక్కలో ఉత్తుత్తి హెచ్చరిక. అలాంటివాటితో మళ్లీ శిక్షణ ఇస్తే, కాపాడిన చోట ముప్పు లేదని నేర్చుకుని మరుసటి ఏడాది నోరు మూసుకుంటుంది.

#14 తీరరేఖ

రెండు నమూనాలు, రెండు దశలుగా మారుస్తున్నాను. చివరిగా, హెచ్చరిక గీత ఎక్కడ పెట్టాలి? 50 శాతం సంభావ్యత అంటే అసలు హెచ్చరికలే రావడం లేదు.

#15 లెక్కలపంతులు

50కి ఏ ప్రత్యేకతా లేదు. పనికి అయ్యే ఖర్చును, ఆ పని వల్ల తప్పే నష్టంతో భాగించండి. ఆ నిష్పత్తి కంటే సంభావ్యత ఎక్కువుంటే పని మొదలెట్టాలి. నిల్వలు చేర్చే ఖర్చు, ఉధృతి వచ్చాక పడే నష్టంలో ఇరవయ్యో వంతు అనుకుంటే గీత 5 శాతం. అందుకే ఏడింట ఒకటి నిజమైన హెచ్చరిక కూడా మొదటి దశకు లాభమే. ఇంటింటికీ టీకా లాంటి పెద్ద పనికి గీత బాగా పైన ఉంటుంది. అంటే రెండు దశలకు రెండు గీతలు, వాటిని ఆరోగ్య శాఖవాళ్లతో కూర్చుని ఖరారు చెయ్యాలి, మనం కంప్యూటరు ముందు కూర్చుని కాదు.

ఇదంతా సంభావ్యత నిజమైనప్పుడే. 10 శాతం అన్న గడులన్నీ ఒకచోట పెడితే వాటిలో పదింట ఒకదానిలో ఉధృతి వచ్చి ఉండాలి. రాండమ్ ఫారెస్ట్ ఓట్ల నిష్పత్తిని అలాగే సంభావ్యతగా వాడొద్దు. అరుదైన వర్గాన్ని పెంచి శిక్షణ ఇచ్చి ఉంటే అది ఎంతో ఎక్కువ చూపిస్తుంది. శిక్షణ భాగంలోంచి వేరుగా పెట్టిన ఏళ్ల మీద ఐసోటోనిక్ సవరణ (నమూనా ఇచ్చిన అంకెను నిజంగా వచ్చిన ఉధృతుల నిష్పత్తికి సరిపెట్టడం) చేసి, పరీక్ష ఏళ్ల మీద పది గుంపులుగా పటం గీసి చూడండి. పైన రెండు గుంపుల్లో గడులు పదుల్లోనే ఉంటే వాటిని కలిపెయ్యండి. ఏ వారం ఏ సంభావ్యత ఇచ్చారో ఆ ఫైలును ఆ రోజే తాళం వేసి దాచండి, తర్వాత సవరించొద్దు. ఋతువు అయ్యాక ఆ ఫైళ్లతోనే లెక్క చూడాలి.